పురుడు తీరని ఇల్లు

ఉతికిన బట్టల మూట దవాఖాన వరండాలో దించేసరికి ఉప్పలమ్మకు కళ్లు బైర్లు కమ్మాయి. ఉప్పల్ నల్లచెరువు నుంచి నాచారం దాకా ఏప్రిల్ ఎండలో సైకిల్ మీద మూట పెట్టుకుని నడిచొచ్చారు. ముందు హ్యాండిల్ పట్టుకుని మొగుడు రామస్వామి, వెనక మూట జారకుండా ఆనుకుని ఆమె. బ్లీచింగ్ పౌడరుకు అరచేతుల తోలు లేచిపోయింది. ఏది ముట్టుకున్నా మిరపకాయ రాసినట్టు మంట. అయినా ఆమె చేతుల వంక చూసుకోలేదు, వార్డు కిటికీ వంక చూసింది. ఆ కిటికీ పక్క మంచం మీద ఆమె బిడ్డ తారామణి ఉంది. తొలి కాన్పుకని చెంగిచెర్ల నుంచి తల్లిగారింటికి వచ్చింది. కడుపులో పిల్ల అడ్డం తిరిగిందని, కోసి తీయాల్సిందేనని డాక్టర్ అరుణకుమారి నిన్ననే చెప్పింది.

కోయాలంటే థియేటర్ బట్టలు కావాలి. డాక్టర్లు తొడుక్కునే పచ్చ గౌన్లు, కాన్పు మనిషి మీద కప్పే పచ్చ గుడ్డలు. ఈ ముప్పై పడకల సర్కారు కాన్పుల దవాఖానలో అవి రెండే సెట్లు మిగిలాయి. ఒకటి ఉప్పలమ్మ తెచ్చిన మూటలో ఉంది. రెండోది ఇంకా తడారని నెత్తురు మరకలతో, మాసిన దుప్పట్లతో కలిసి వరండా మూల ఇంకో మూటై పడి ఉంది.

ఆయా శాంతాబాయి పరుగున వచ్చింది. "పచ్చబట్టలు జర జల్దీ ఇయ్యి ఉప్పలమ్మా. ఆవిరి మిషన్ల పెట్టి క్రిములు సంపాలె. ఇయ్యాల నీ బిడ్డకే ఆపరేషన్. నువ్వేమో ఆఫీసుల కలువు. అచ్యుతరావు సారు రమ్మన్నడు."

"పైసలొచ్చినయా?" అంది ఉప్పలమ్మ.

"గది నాకెర్కలేదు. నవ్వుకుంట చెప్పిండు మరి."

నవ్వుతూ చెప్పాడంటేనే ఉప్పలమ్మకు అనుమానం వచ్చింది. ఆ మూటలోని ప్రతి గుడ్డా ఎనిమిది నెలలుగా ఊరికే ఉతుకుతున్నదే. దుప్పటికి ముప్పావలా, థియేటర్ గుడ్డకు రూపాయి అని కాగితం మీద ఉంది. కాగితం మీద సర్కారు ఎప్పుడూ ధర్మప్రభువే. బట్టలు ఉబ్బకు వేసి ఆవిరికి ఉడికించడానికి కట్టెలు అరువిచ్చే అడితి త్రిమూర్తులు పోయిన వారమే చేతులెత్తేశాడు. "సర్కారు నీకిచ్చిననాడు నాకిద్దువుగానీలే, అప్పటిదాకా నా కట్టెలు నా దగ్గరే ఉంటాయి" అన్నాడు. ఈ చివరి ఉబ్బకు ఉప్పలమ్మ ఇంట్లో ఉన్న ఒక్క మంచాన్నీ విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది. కాన్పయ్యాక తారామణిని పడుకోబెట్టడానికి దాచిన మంచం అది.

ఇన్ని నెలలు ఎందుకు ఊరుకున్నారని ఎవరైనా అడగొచ్చు. ఊరుకున్నది రామస్వామి. అతని నల్గొండ పల్లెలో పురిటి బట్టలు ఉతికే చాకలికి ఒక కట్టుబాటు ఉంది. పురుడున్న ఇంట్లో కూలి అడగకూడదు. అడిగితే పసిగుడ్డుకు కీడంటారు. పురుడు తీరిన రోజున చాకలి వచ్చి గడప ముందు తన తుండు పరుస్తాడు, అంతే. నోరు తెరవక్కర్లేదు. పాత బాకీతో సహా గింజలు, గుడ్డ, రూకలు ఆ తుండులో పడాలి. తుండు ఖాళీగా మడత పెట్టుకుని పోయిన ఇల్లు ఊళ్లో తలెత్తుకోలేదు. ఇదంతా పేదా సాదా ఇళ్ల సంగతి. దొర గడీ ముందు తుండు పరిచే ధైర్యం మాత్రం రామస్వామి తాతకూ లేకపోయింది, తండ్రికీ లేకపోయింది. ఆ వెట్టి పడలేకే ఈ మొగుడూ పెళ్లాం ఉప్పల్ చేరారు.

పల్లెలో పురుడు ఇరవై ఒక్క రోజుల్లో తీరుతుంది. కాన్పుల దవాఖానలో రోజూ ముగ్గురో నలుగురో కంటారు. అక్కడ పురుడు తీరేదెప్పుడు? ఈ చిన్న సంగతి రామస్వామికి ఎనిమిది నెలలుగా తట్టలేదు. హెడ్ క్లర్కు అచ్యుతరావుకు మాత్రం మొదటి నెలలోనే తట్టింది. ఉప్పలమ్మ నోరు చేసినప్పుడల్లా అతను రామస్వామిని పిలిచి, "లోపల పసిబిడ్డలున్నారయ్యా, ఇప్పుడా అడగడం?" అనేవాడు. రామస్వామి తల వంచుకుని మాసిన మూట ఎత్తుకునేవాడు.

అచ్యుతరావు ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. మనిషి చూడ్డానికి సౌమ్యుడే. అరిచి ఎరగడు.

"రావమ్మా ఉప్పలమ్మా, నీ పని అయిపోయింది" అన్నాడు.

"పైసలిచ్చిన్రా సారూ?"

"ఇచ్చినట్టే అనుకో. సంగతి చెబుతాను విను. అసెంబ్లీలో బడ్జెట్ ఇంకా తేలలేదు. రోగుల దగ్గర ఛార్జీలు వసూలు చేసుకుంటేగానీ పైసా వదిలేది లేదని ఆర్థికశాఖ వాళ్లు భీష్మించుకున్నారు. పేదల దగ్గర పైసా కూడా తీసుకోబోమని మా శాఖ వాళ్లు సభలో మాటిచ్చేశారు. వాళ్లు తగ్గరు, వీళ్లు తగ్గరు. ఫైలు అటూ ఇటూ తిరుగుతోంది."

"మీ జీతం గూడ తిరుగుతున్నదా సారూ?"

అచ్యుతరావు నవ్వు కొంచెం తగ్గింది. "జీతాలు వేరే పద్దు. అవి ఒకటో తారీఖునే వస్తాయి. ఆగింది చిల్లర ఖర్చుల పద్దు. మందులు, డీజిలు, ఫోను, చాకలి, ఇవన్నీ అందులోకే వస్తాయి."

ఆంబోతులు కుమ్ములాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగాయట. అక్కడ సెక్రటేరియట్‌లో చల్లని గదుల్లో పంతాలు. ఇక్కడ ఉప్పలమ్మ అరచేతుల్లో పుళ్లు. రాష్ట్ర ఆరోగ్యానికి డబ్బెక్కడినుంచి తేవాలని పెద్దలు ఏడాదిగా తలలు పట్టుకుంటున్నారు గానీ, ఎనిమిది నెలలుగా ఆ డబ్బు పెడుతున్నది ఎవరో వాళ్లెవరికీ తెలియదు. తెలిస్తే ఆమెను చిల్లర ఖర్చు అని రాసి ఉండరు. ఏమో, అప్పుడూ రాసేవాళ్లేనేమో.

అచ్యుతరావు సొరుగులోంచి కొత్త రశీదు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "మనం మాత్రం మధ్యేమార్గం కనిపెట్టాం. దవాఖాన వసూలు చెయ్యదు. నువ్వే చేసుకో. మంచానికి పదిహేను రూపాయలు, ఆపరేషన్ కేసుకు నలభై. పైకం ఇచ్చినవాళ్లకే దుప్పటి. ఇవ్వకపోతే వెయ్యకు. పాత బాకీ కూడా నిదానంగా అందులోనే రాబట్టుకో. పొద్దునే గోడ మీద కాగితం అంటించాం."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని సామెత. ఈ సర్కారు అంతకంటే నయం. తను పెట్టదు గానీ, అడుక్కోమని రశీదు పుస్తకం కూడా ఇస్తుంది.

ఉప్పలమ్మ రశీదు పుస్తకం చంకలో పెట్టుకుని, ఉతికిన దుప్పట్లు ఎత్తుకుని వార్డులోకి నడిచింది.

మంచాల మీద ఉత్త రెక్సిన్ పరుపులు. ఎండకు ఒళ్లు అంటుకుపోతుంటే ఆడవాళ్లు అటూ ఇటూ పొర్లుతున్నారు. తారామణి పక్క మంచం మీద పీర్జాదిగూడలో కట్టుబడి పనులకు పోయే ఒక పిల్ల నిండు కడుపుతో పడుకుని ఉంది. ఆమె తల్లి నేల మీద కూర్చుని కొంగుముడి విప్పుతోంది.

"వచ్చినవా తల్లీ" అంది ముసలమ్మ ఉప్పలమ్మను చూసి. "నువ్వే వసూలు జేస్తవట. నా బిడ్డను రేపు కోస్తరు. మా కాడ ఉన్నవే పన్నెండు రూపాలు. తీసుకో. పురిటి మంచం కాడ చెయ్యి సాపేటోళ్ల చేతులకు పుండ్లు పుట్టాలె. తీసుకో మరి!"

ఉప్పలమ్మ చేతులకు అప్పటికే పుళ్లున్నాయి. ఆ మాటకు ఆమె ముఖం మాడిపోయింది. డబ్బు తీసుకోలేదు. దుప్పటి విదిలించి, ఆ పిల్లను మెల్లగా పక్కకు ఒత్తిగిల్లజేసి, పరుపు మీద పరిచింది. తర్వాత వరసగా అన్ని మంచాలకూ పరిచింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ముసలమ్మ అన్న మాట మాత్రం చెవుల్లో జోరీగలా తిరుగుతూనే ఉంది.

తారామణి తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, భయమైతుందే."

"నేనే ఉతికిన బిడ్డా ఆ బట్టలు. మంచిగ ఉబ్బకేసి తీసిన. నీకేంగాదు" అంది ఉప్పలమ్మ. అంతకుమించి ధైర్యం చెప్పడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

శాంతాబాయి స్ట్రెచర్ తెచ్చింది. థియేటర్ తలుపులు మూసుకున్నాయి. ఉప్పలమ్మ, రామస్వామి వరండాలో గోడకానుకుని కూర్చున్నారు. రామస్వామి పెదవులు కదులుతున్నాయి. ఏ దేవతను తలుచుకుంటున్నాడో.

చాలాసేపటికి లోపల నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. శాంతాబాయి తలుపు సందులోంచి తల బయటపెట్టి, "ఆడపిల్ల! తల్లి మంచిగుంది!" అని అరిచింది. రామస్వామి తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. ఉప్పలమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

సరిగ్గా అప్పుడే అచ్యుతరావు అటుగా వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది.

"శుభం. లక్ష్మి పుట్టింది" అన్నాడు. "అన్నట్టు ఉప్పలమ్మా, నీ కూతురి పేరు మీద కూడా ఆపరేషన్ రశీదు ఒకటి చింపెయ్యి. నలభై. నీ డబ్బు నీకే అనుకో, కానీ పుస్తకంలో ఉండాలి. నీ కూతురికే మినహాయిస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. అలాగే ఆ మాసిన మూట తీసుకెళ్లు. రేపు పొద్దున రెండు ఆపరేషన్లున్నాయి."

చెప్పవలసింది చెప్పి, అతను ఆఫీసు గదిలోకి పోయి భోజనానికి తలుపు వేసుకున్నాడు.

ఉప్పలమ్మ చంకలోని రశీదు పుస్తకం వంక చూసింది. తన మంచం విరగ్గొట్టి ఉడికించిన గుడ్డలు. తన బిడ్డ మీద కప్పిన గుడ్డలు. వాటికి తను తనకే కూలి కట్టాలి!

రామస్వామి లేచి, అలవాటుగా మాసిన మూట వైపు వంగాడు.

"ముట్టకు" అంది ఉప్పలమ్మ.

"గదేందే? రేపటికి గావాలంటున్నరు గద."

"పురుడు తీరింది. ఇగ ముట్టకు."

"నీకు పిచ్చా? పిల్ల పుట్టి గడియ గాలే. పురుడు తీరుడేంది?"

"పిల్ల పుట్టింది మనింట్ల. మనింటి పురుడు మనం కడుక్కుందాం. సర్కారోళ్ల పురుడు ఇయ్యాలటితోని తీరింది. ఎనిమిది నెల్లు మోసినం, చాలు."

ఆమె ఒక్కతే ఆ మూటను ఈడ్చుకుపోయింది. వరండా పొడుగునా నెత్తుటి చార పడింది. ఆఫీసు గదికి ఉన్నది ఒకటే తలుపు, అది బయటికి తెరుచుకుంటుంది. మూటను ఆ తలుపుకు ఆనించి, రశీదు పుస్తకం దాని మీద పెట్టి, పక్కనే కూర్చుంది.

జనం పోగయ్యారు. పీర్జాదిగూడ ముసలమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చింది.

"నీ బిడ్డది ఒడిసింది. నా బిడ్డ వంతు రాంగనే కూసుంటివా?" అంది. "నీ కడుపు సల్లగైంది. నా కడుపు మంటవెడ్తవా?"

ఆ మాటలో అబద్ధం లేదు. పొద్దున్నే ఈ పని చేసి ఉంటే తన బిడ్డ ఏమయ్యేదో ఉప్పలమ్మకు తెలుసు.

"నన్ను తిట్టు అవ్వా. తిట్టుడు నీకు తప్పు గాదు" అంది. "కట్టెల్లేవు, సబ్బు లేదు, ఇగో తోలు గూడ లేదు" అని అరచేతులు చూపించింది. "తిట్టినంక గా తలుపు గూడ తట్టు. నా నోటికి వాళ్లు పలుకుతలేరు."

థియేటర్ నుంచి అరుణకుమారి వచ్చింది. పచ్చ గౌను విప్పి చేత్తో పట్టుకుని ఉంది. మూటనూ మనుషులనూ చూసి, తలుపు దగ్గరికి వెళ్లింది.

"అచ్యుతరావుగారూ, రేపటికి నా దగ్గర ఒక్క గుడ్డ లేదు. సెక్రటేరియట్‌లో మీటింగుకెళ్లిన సూపరింటెండెంటుగారికి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే."

లోపల నుంచి జవాబు వచ్చింది. "ఫోన్ బిల్లు కట్టలేదు మేడమ్. మొన్ననే లైను తీసేశారు."

ఎవరో గట్టిగా నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. చేతిలోని గౌను కూడా ఆ మూట మీద వేసి వార్డులోకి పోయింది.

అచ్యుతరావు లోపల నుంచి తలుపు నెట్టాడు. అది అరచెయ్యంత తెరుచుకుని, మూట తగిలి ఆగిపోయింది. సందులోంచి వాసన కొట్టినట్టుంది, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అటెండరును పిలిచాడు. "అది మా డ్యూటీ కాదు సార్" అన్నాడు అటెండరు రెండడుగులు వెనక్కి వేసి. బయటినుంచి చెయ్యేసి లాగితే జరిగే మూటే. ముట్టేవాళ్లే లేరు.

అప్పుడు అచ్యుతరావు గొంతు తగ్గించి, "రామస్వామీ, నువ్వు మంచివాడివి. లోపల పసిబిడ్డలున్నారయ్యా..." అన్నాడు.

రామస్వామి పెళ్లాం వంక చూశాడు. ముసలమ్మ వంక చూశాడు. ఆమె అప్పటికే పిడికిలి బిగించి తలుపు ముందు నిలబడి ఉంది. అతను భుజం మీది తుండు తీసి, ఒకసారి విదిలించి, వంగి ఆ గడప ముందు నేల మీద పరిచాడు. నాలుగు కొసలూ సరిచేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అడగలేదు.

ముసలమ్మ తలుపు తట్టింది.