నల్ల తెర మీద పెళ్లి ఆల్బమ్

జనార్దన్‌కు పెన్‌పహాడ్‌లో వరి పొలం, కోదాడలో డిగ్రీ కాలేజీ ఉన్నాయి. రెండింటికీ ఆయన సూత్రం ఒక్కటే: అధికారి వచ్చిన రోజు పచ్చగా కనబడితే చాలు.

ఈసారి కంప్యూటర్ ల్యాబు బాగుంటేనే కొత్త కోర్సు ఇస్తామన్నారు యూనివర్సిటీ వాళ్లు. కోర్సు రాకపోతే వచ్చే ఏడు కాలేజీకి తాళమే. ల్యాబులో పనిచేసే కంప్యూటర్ ఒక్కటీ లేదు. దానికేం, సూర్యాపేటలో తులసీరాం ఫొటో స్టూడియో ఉంది కదా! అక్కడి కంప్యూటర్లు కిరాయికి తెచ్చాడు.

"పిల్లల సాఫ్ట్‌వేర్లు వీటిలో లేవు సార్, దొరికిపోతాం," అని ల్యాబు చూసే ప్రేమ్ కుమార్ నసిగాడు.

"స్క్రీన్ మీద గా సాఫ్ట్‌వేర్ల గుర్తుల ఫొటో పెట్టయ్యా! ఎవలు నొక్కి సూస్తరు?"

ప్రేమ్ కుమార్ అలాగే పెట్టాడు. పైన పటారం, లోన లొటారం.

తనిఖీకి మిర్యాలగూడ నుంచి మంజుల మేడమ్ వచ్చింది. మొదటి కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ గుర్తుల వంక చూడలేదు, మౌస్ ముట్టలేదు. మీటలు నొక్కి నల్లటి కిటికీ ఒకటి తెరిచింది. అందులో 'వింగెట్ లిస్ట్' అని టైపు చేసింది. జనార్దన్‌కు నవ్వాగలేదు. మౌస్ పట్టడం కూడా రాని మనిషినా పంపేది!

"మేడమ్, గా బొమ్మల మీద నొక్కాలె," అన్నాడు దయతలచి. నొక్కితే అది ఉత్త ఫొటో అని తేలిపోతుందని ప్రేమ్ కుమార్ వెనక నుంచి ఆయన చొక్కా లాగాడు.

"బొమ్మలెందుకు సార్? లోపల ఏమేం ఎక్కించిన్రో ఇదే చెప్తది," అని ఆమె ఎంటర్ కొట్టింది.

నల్ల తెర ఉన్నదున్నట్టు కక్కేసింది. పెళ్లి ఆల్బమ్ తయారుచేసేది, ముఖాలు తెల్లగా చేసేది, ఫ్లెక్సీలు గీసేది, పేకాట. పక్క కంప్యూటర్లోనూ అవే. పిల్లలకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

మంజుల నవ్వకుండా అడిగింది. "మా చెల్లె లగ్గం ఉంది సార్. ఆల్బమ్ ఎంతకు చేస్తరు?"

జనార్దన్ ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ల అనుభవం మరి, అధికారి ఏదైనా అడిగిందంటే పని అయినట్టే!

"మీకు పైసలెందుకు మేడమ్? తులసీరాం మనోడే. గీ కంప్యూటర్లన్నీ ఆయనయే!"

మంజుల ఆ మాటను కూడా రిపోర్టులో ఎక్కించి, జనార్దన్‌తోనే సంతకం చేయించుకుంది. అటు ప్రేమ్ కుమార్ ఒక్కొక్క వైరూ పీకుతున్నాడు. పాలకీడు పెళ్లి ఆల్బమ్ ఆలస్యమవుతోందని తులసీరాం పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తున్నాడు.