ఏడు అత్తాల గెల

మా కోడలు హారతి పీహెచ్‌డీ థీసిస్‌ను ఒకసారి వెనక్కి కొట్టిన పెద్దమనిషే మళ్ళీ వైవాకి రాజమండ్రి వస్తున్నాడని తెలిసి నాకు ఒళ్ళు మండింది. ఈసారీ కాదంటే ఆ చదువు అంతటితో సరి. మా వదిన వెంకటదుర్గ అప్పుడే తీర్పు చెప్పేసింది కూడానూ. ఆ అణువుల గొడవ కట్టిపెట్టి పిల్లకి వంట నేర్పించమంది. రావులపాలెంలో నలుగురి మధ్య గెలలు అమ్మి బతికిన దాన్ని, నా కోడలి గురించి నాతోనే అంత మాటా?

వైవాకి వచ్చినవాళ్ళకి అభ్యర్థి ఇంటివాళ్ళు మర్యాద చేయడం మా వైపు ఆనవాయితీ. అందరూ కాజాలు తెస్తే నేను చక్కెరకేళి గెల తెచ్చాను. పరీక్షకులు ఇద్దరు కాబట్టి చెరిసగం కోయమన్నాడు మా అబ్బాయి గణేష్‌బాబు. చూస్తే గెలకి ఏడు అత్తాలు, అదే పళ్ళ వరసలు, ఉన్నాయి. వరసగా పళ్ళున్న అత్తాన్ని చీల్చి అతిథికి ఇవ్వడం మా ఇంటావంటా లేదు. అత్తానికీ అత్తానికీ మధ్య సందు చూసి కత్తి వేశాను. నాలుగొక ముక్క, మూడొక ముక్క. చెరిసగమంటే ఇదా అని వాడు సణిగాడు. రెండూ వైవా గది గుమ్మం పక్కన పెట్టి వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆ పెద్దమనిషి, సత్యప్రసాద్ గారు, మనిషి సన్నం, గొంతు లావు. ఆయన అడిగింది నాక్కూడా అర్థమైంది. పరమాణువు నడుమ ఉండే కేంద్రకం నీటిబొట్టు లాంటిదైతే, సాగి తెగేటప్పుడు సరిగ్గా మధ్యకి తెగాలి. మరి యురేనియం ఎందుకు ఒక పెద్దముక్క, ఒక చిన్నముక్కగా విరుగుతుంది? హారతి బోర్డు మీద లెక్క మొదలుపెట్టింది.

"లెక్క థీసిస్‌లో చదివానమ్మా. కారణం చెప్పు," అన్నారాయన.

పిల్ల సుద్దముక్క కింద పెట్టింది. నేను అన్నవరం సత్యదేవుడికి మొక్కుకునేలోపు దాని చూపు గుమ్మం దగ్గర ఆగింది. ఒక్క నిమిషమండి అని వెళ్ళి, ఆ రెండు ముక్కలూ మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"మా అత్తయ్యగారు సగానికి కోద్దామనే కత్తి పట్టారండి. అత్తం చీల్చడం ఇష్టం లేక ఇలా ఎక్కువతక్కువలయ్యాయి. కేంద్రకంలోనూ ప్రోటాన్లూ న్యూట్రాన్లూ వరసలుగా సర్దుకుంటాయండి. యాభై ప్రోటాన్లకీ, ఎనభై రెండు న్యూట్రాన్లకీ వరస నిండుతుంది. నిండిన వరస గట్టిది. పెద్ద ముక్క ఆ నిండుతనానికి దగ్గర్లో రూపు కడుతుంది. మిగిలింది చిన్న ముక్కకి పోతుంది. ముక్కల ఆకారానికీ ఇందులో వాటా ఉందండి, అది మూడో అధ్యాయంలో రాశాను."

ఆయన తగ్గలేదు. "మరి యురేనియం కంటే పెద్ద మూలకం ఫెర్మియం ఉంది, దానిలో బరువైన రకం సమానంగా విరుగుతుందే?"

"ఎనిమిది అత్తాల గెలైతే మా అత్తయ్యగారూ సమానంగానే కోసేవారండి. ఫెర్మియానికి వంద ప్రోటాన్లు, ముక్కకి యాభయ్యేసి. న్యూట్రాన్లూ నిండడానికి కాస్తే తక్కువ. యురేనియం నుంచి ఫెర్మియం దాకా పెద్ద ముక్క అంతగా మారదు, చిన్నదే పెరిగి దాని సాటికి వస్తుంది."

ఆయన ఒక పండు తుంచి, ఒలిచి, నింపాదిగా తిన్నారు. మొదటిసారే ఇలా రాసుంటే రెండుసార్లు చదివే పని తప్పేది కదా అన్నారు. తర్వాత లేచి నిలబడి, "కంగ్రాచ్యులేషన్స్, డాక్టర్ హారతి," అన్నారు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాలుగు అత్తాల ముక్క ఆయన కారులో నేనే పెట్టించాను. కోపం కోపమే, మర్యాద మర్యాదే.

రావులపాలెం తిరిగి వెళ్తూ, జొన్నాడ వంతెన దాటేదాకా ఆగలేక మా వదినకి ఫోన్ చేశాను. నా నంబరని తెలిసి కూడా ఎవరూ అంది.

"డాక్టర్ హారతి గారి అత్తగారినండి," అన్నాను.