తమ్ముడు కూర్చున్న కుర్చీ

పొద్దున్నే లాండ్రీ షట్టర్ ఎత్తడం, ఇస్త్రీపెట్టెలు ప్లగ్గులో పెట్టడం, అవి కాగేలోపు బట్టలు ఎవరివి వాళ్లకి విడిగా కట్టలు కట్టడం అక్క పని. షాపులో ఓ మూల ఒక కుర్చీ ఉంది. దానిమీద ఎవరూ కూర్చోరు. తడి ఆరని సాక్సులు ఆరేస్తారు. రెండేళ్ల క్రితం తమ్ముడు అందులో కూర్చుని అప్పడిగాడు. అప్పట్నుంచీ అది వెచ్చగానే ఉంది. అప్పు పుచ్చుకున్నవాడు కూర్చున్న చోటు బాకీ తీరేదాకా చల్లారదు. తీరకపోతే మనిషి పోయినప్పుడే చల్లారుతుంది. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ వింతపడరు. బ్యాంకువాళ్లయితే ఆ గోలంతా పడలేక జనాన్ని నిలబెట్టే మాట్లాడతారు.

తమ్ముడు పాత సోఫాలు బాగుచేస్తాడు. పెద్ద కుట్టుమిషన్లు కొనుక్కుంటానంటే అక్క దాచుకున్నదంతా తీసి ఇచ్చేసింది. నోటు రాయించుకోమని భర్త నెత్తీనోరూ కొట్టుకున్నాడు. సొంత తమ్ముడి దగ్గర నోటేమిటని ఆమె కొట్టిపారేసింది. ఇప్పుడు షాపు ఓనరు, లీజు ముగిసేలోపు కొత్త అడ్వాన్సు కట్టకపోతే ఖాళీ చెయ్యాల్సిందే అన్నాడు. తమ్ముడేమో రేపూ మాపూ అని తిప్పితిప్పి, చివరికి మొహం చాటేశాడు.

లాయరమ్మ ఉన్న దారులన్నీ ఓపిగ్గా చెప్పింది. ముందు అయినవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాలి. లొంగకపోతే నోటీసు. దానికీ పలక్కపోతే దావా, అదీ మూడేళ్లు దాటకుండా వెయ్యాలి. నోటు లేకపోయినా బ్యాంకు రసీదు, ఇచ్చేస్తానక్కా అని అతను పెట్టిన మెసేజీలు పనికొస్తాయి. గెలిస్తే మిషన్లు జప్తు చేయించవచ్చు. కుర్చీ కూడా తీసుకురమ్మంది, జడ్జిగారు చెయ్యిపెట్టి చూస్తారట. మాటలయ్యాయి, నోటీసయింది. తమ్ముడి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నోటీసు అందిన రోజు మాత్రం కుర్చీమీది సాక్సులు కమిలిపోయాయి.

ఇక దావా వేశారు. వాయిదా రోజున అక్క కుర్చీని వ్యాన్లో వేసుకుని కోర్టుకి వెళ్లింది. తమ్ముడు రాలేదు. వరండాలో కుర్చీ పట్టుకుని నిలబడి ఉండగా, ఆమె చేతి కింద వేడి తగ్గడం మొదలైంది. ఇన్నేళ్లు ఇస్త్రీ చేసిన చెయ్యి, పొరబాటు పడదు.

"మా తమ్ముడికేదో అయిందండీ. నేను వెళ్తాను."

లాయరమ్మ కూడా ముట్టుకుని చూసింది. చెడ్డమనిషేం కాదు. నమ్ముకున్నవాళ్ల మేలు చూడటం ఆమె పని.

"ఇంకా వేడుందమ్మా. కేసు త్వరగా పిలిపిస్తాను. అతను రాలేదు కాబట్టి డిక్రీ మనకే వస్తుంది. ఆ తర్వాత అతనికేమైనా, మిషన్లమీద మీ హక్కు ఎక్కడికీ పోదు. ఇప్పుడు వెళ్లిపోతే కేసు కొట్టేస్తారు."

అక్క ఫోను చేసింది. తమ్ముడు ఎత్తలేదు. అతను ఫోనెత్తి ఎన్నాళ్లయింది గనక! అంబులెన్సుకి చెప్పచ్చు. ఏమని చెప్పాలి? కుర్చీ చల్లారుతోందనా? చెప్పినా నమ్మేవాళ్లే, ఆమే చెప్పలేదు. షాపు గుర్తొచ్చింది. ఈ వయసులో ఇంకొకళ్ల దగ్గర కూలికి ఇస్త్రీ చెయ్యడం గుర్తొచ్చింది. లోపల ఒకళ్ల కేసు అయింది, తర్వాత ఇంకొకళ్లది. "మీదే, రండి" అని లాయరమ్మ భుజం తట్టేసరికి కుర్చీ గోరువెచ్చగా మిగిలింది. అక్క దాన్ని అక్కడే వదిలేసి మెట్లు దిగి పరుగెత్తింది.

సోఫాల షెడ్డుకి లోపల గడియ వేసి ఉంది. పక్కషాపు వాళ్లొచ్చి తలుపు బద్దలుకొట్టారు. తమ్ముడు స్పాంజి ముక్కల మధ్య పడి ఉన్నాడు, నోరు ఒక పక్కకి లాగేసింది. ఒంటిమీద ఇస్త్రీ చొక్కా ఉంది. కోర్టుకి బయల్దేరుతుండగానే పడిపోయినట్టున్నాడు.

ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి పడిపోయింది. ఓ అరగంట ముందు తెచ్చుంటే చెయ్యి కూడా దక్కేదేమో అన్నాడు డాక్టరు. కేసు కొట్టేశారని లాయరమ్మ ఫోన్ చేసింది. కుర్చీ మళ్లీ కాలిపోతోందట, తీసుకెళ్లమని బంట్రోతు గోల పెడుతున్నాడట. మిషన్లు ఆస్పత్రి బిల్లుకి పోయాయి. లీజు ముగిశాక షాపూ పోయింది.

తమ్ముణ్ణి తన ఇంటికే తెచ్చుకుంది. ఒకరోజు అన్నం తినిపిస్తుంటే అతను మాట కూడదీసుకుని అన్నాడు.

"డబ్బు పోతుందని తెలిసి కూడా, తెలియగానే పరుగెత్తుకొచ్చావటగా అక్కా. ఆస్పత్రికి చూడ్డానికొచ్చినప్పుడు లాయరమ్మ చెప్పింది."

అక్క చేతిలో ముద్ద ఆగింది. లాయరమ్మ అలా ఎందుకు చెప్పిందో ఆమెకి తెలుసు.

"మాట్లాడకుండా తినరా," అని ముద్ద నోట్లో పెట్టింది.