ఏడో పరికరం

భర్త కాలర్ గుండీ విప్పితే చాలు, ఆమె లేచి ఫ్యాన్ పెంచుతుంది. అత్తగారు శాలువా సర్దుకుంటే తగ్గిస్తుంది. ఆ ఇంట్లో నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. మా కోడలికి చెప్పక్కర్లేదు, ఇట్టే కనిపెట్టేస్తుందని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మెచ్చుకోలే కదా అని ఆమె కూడా మురిసిపోయేది, పిచ్చిది.

ఆఫీసులోనూ ఆమె పని అదే, కాకపోతే అక్కడ జీతమిస్తారు. ఇంట్లోవాళ్ల అలవాట్లు నేర్చుకుని, వాళ్లకు తగ్గట్టు ఫ్యాన్లూ లైట్లూ నడుపుతూ మసలుకునే కంప్యూటర్‌కు నియమాలు రాస్తుంది. ఏ నియమమూ దారి తప్పదని తర్కంతో నిరూపిస్తుంది కూడా. పరీక్షకని ఆ కంప్యూటర్ పెట్టెను సొంత ఇంటి హాల్లోనే బిగించుకుంది. మొదటి నెల ఊరికే చూసి నేర్చుకోవడమే దాని పని.

నెల తిరిగాక అదేం నేర్చుకుందో ఆఫీసులో తెరిచి చూసింది. మనుషులు ఇద్దరు, ఆయనా అత్తగారూ. పరికరాలు ఏడు. పెట్టెకు తాను తగిలించినవి ఆరే. ఏడోదాని వివరం చదివింది. ‘ఇల్లంతా తిరుగుతుంది. ఎవరికేం కావాలన్నా చేస్తుంది. తనకంటూ ఏదీ కోరదు.’

నియమాల్లో పొరపాటుందేమోనని నిరూపణంతా మళ్లీ నడిపింది. పొరపాటు లేదు. తనకోసం ఒక్కసారైనా ఏదైనా కోరుకునేది మనిషి, ఇతరులు కోరింది చేసేది పరికరం అని రాసింది తానే. కళ్లు తుడుచుకుంటూ, పక్క సీటావిడతో జలుబని చెప్పింది.

మేనేజరుకు చూపిస్తే నవ్వేశాడు. “రేపు పైవాళ్లు చూడ్డానికొస్తున్నారమ్మా. నువ్వూ మనిషివేనని అందులో ఒక లైను చేర్చెయ్. లేకపోతే ఈ పని ఇంకొకరికి వెళ్లిపోతుంది.”

మూడేళ్ల కష్టం. లైను చేర్చింది. సిఫారసు మీద మనిషి కావాల్సి వచ్చిందే అనిపించి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ లైను చెరిపేసి ఇంటికి బయల్దేరింది.

ఆయనా అత్తగారూ టీవీ చూస్తున్నారు. ఆమె వాళ్ల మధ్య కుర్చీలో కూర్చుంది. ఆయన చెయ్యి కాలర్ మీదికి వెళ్లగానే కాళ్లు వాటంతటవే లేవబోయాయి. బలవంతాన ఆపుకుంది.

“నాకు చలిగా ఉంది. ఫ్యాన్ ఆపాలి.”

ఇద్దరూ ఆమె వంక చూశారు. ఒంట్లో బాలేదా అని అత్తగారు అడిగింది. ఫ్యాన్ మెల్లగా ఆగిపోయింది. గోడమీది పెట్టె పలికింది.

“కొత్త మనిషి గొంతు విన్నాను. మీరెవరు?”

“మా ఆవిడేలే,” అన్నాడాయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

“అది నన్నడిగింది,” అంది ఆమె.