అడిగినప్పుడల్లా ఒకే మాట

బొత్తాలు కుట్టే షెడ్డులో సగం పూట సెలవు అడగడమంటే సూపర్‌వైజరుని ఆస్తి రాసిమ్మన్నట్టే. అయినా ఆమె అడిగింది. "పన్నెండు రోజులుగా పడుకునే ఉన్నాడుగా మీ ఆయన, ఇవాళ కొత్తగా లేచి కూచుంటాడా?" అన్నాడతను. ఆమె నోటిదాకా వచ్చిన మాట మింగేసి, సగం కూలి వదులుకుని, ఎండలో ఆసుపత్రికి నడిచింది. మూడింటికి కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడు. భర్త మంచం పక్కన కూచుని, ఏం జరిగిందో రాసుకుని సంతకం పెట్టించుకుంటాడు. ఆ కాగితం మీదే అంతా ఆధారపడి ఉంది. పనిలో జరిగిన ప్రమాదమైతే వైద్యం ఎన్ని నెలలైనా యజమానే చేయించాలి. మామూలు జబ్బైతే శనివారం ఇంటికి పంపించేస్తారు.

ఆమె భర్తని అందరూ పొడుగాయన అంటారు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో, తడి గుడ్డ ఒక వైపు పెడితే ఇస్త్రీ అయి రెండో వైపు వచ్చే పెద్ద ఆవిరి రోలరు దగ్గర పని. పన్నెండు రోజుల కింద ఆ రోలరు పక్కనే కుప్పకూలిపోయాడు. గుండె ఆగిపోయింది. అక్కడే మేస్త్రీగా ఉన్న ఆమె అన్న పరిగెత్తుకొచ్చి, అంబులెన్సు వచ్చేదాకా పదకొండు నిమిషాలు ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి, ప్రాణం నిలిచింది. అరచేతిలో కాలిన మచ్చ ఆవిరి తగిలి పడిందన్నాడు.

గుండె కొట్టుకుంటోందంటే గండం గడిచినట్టే అనుకుంది ఆమె. అసలు వైద్యం ఇప్పుడే మొదలైందని డాక్టరమ్మ చెప్పింది. జ్వరం రాకుండా ఒళ్ళంతా చల్లగా ఉంచే దుప్పటి కప్పారు, మత్తులో ఉంచారు, గొంతులో గొట్టం పెట్టి ఊపిరి ఆడించారు. మత్తు పూర్తిగా దిగి మూడు రోజులైనా గడవందే మెదడు సంగతి తేల్చి చెప్పలేమన్నారు. చుట్టాల్లో కొందరికి అంత ఓపిక లేక రెండో రోజే ఏడ్చి వెళ్ళిపోయారు. వాళ్ళ ఏడుపు వృథా అయింది, పొడుగాయన ఆరో రోజున కళ్ళు తెరిచాడు. భార్యని గుర్తుపట్టాడు, బావా అంటూ ఆమె అన్నని గుర్తుపట్టాడు. పడిపోయిన రోజు మాత్రం పూర్తిగా చెరిగిపోయింది. కొత్తగా విన్నది పావుగంట నిలవడం లేదు. "నాకేమైంది?" అని అడుగుతాడు, చెబితే తలాడిస్తాడు, కాసేపాగి మళ్ళీ అడుగుతాడు.

"అడిగినప్పుడల్లా ఒకే మాట చెప్పండి. విసుక్కోవద్దు, మాట మార్చొద్దు. వందసార్లు వింటే ఏదో ఒకటి నిలుస్తుంది. ఇక అదే ఆయనకి జ్ఞాపకం" అని నర్సు అన్నాచెల్లెళ్ళిద్దరినీ కూచోబెట్టి చెప్పింది. అన్న చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

ఆమె పనికి పోయే పూటంతా అన్నే మంచం దగ్గర ఉంటున్నాడు. యజమాని జీతంతో సెలవిచ్చాడట. ఎంత మంచివాడో అనుకుంది ఆ పిచ్చితల్లి. నాలుగు రోజుల నుంచీ పొడుగాయన తనంతట తానే ఒక మాట చెప్పడం మొదలెట్టాడు. "ఆ రోజు పొద్దున్నించీ ఛాతీలో నొప్పిగానే ఉంది. బావకి చెప్పాను. ఇంటికి పొమ్మన్నాడు, నేనే వినలేదు." జ్ఞాపకం తిరిగొచ్చిందని సంతోషించాల్సింది పోయి ఆమెకి కడుపు మండింది. ఆ పొద్దున కూనిరాగాలు తీస్తూ గడ్డం గీసుకున్న మనిషి, బావకి చెప్పిన నొప్పి పెళ్ళానికి చెప్పలేదు. "నాతో ఒక్క మాట అనలేకపోయావా?" అని నిలదీసింది. ఆయన తప్పు చేసినవాడిలా తలదించుకున్నాడు.

ఇవాళ ఆమె వార్డులోకి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. లోపల అన్న గొంతు, ఎక్కాలు ఒప్పజెప్పించుకునే పంతులు గొంతులా ఉంది.

"పొద్దున నాకేం చెప్పావు బావా?"

"నొప్పిగా ఉందని."

"నేనేమన్నాను?"

"ఇంటికి పొమ్మన్నావు."

"మరి యంత్రం?"

"యంత్రం..." పొడుగాయన ఆగాడు. "ముట్టుకున్నానా?"

"ముట్టుకోలేదు. ముందే పడిపోయావు. ఏదీ, మళ్ళీ చెప్పు."

"ముట్టుకోలేదు. ముందే పడిపోయాను."

"అద్గదీ."

ఆమె తెర లాగింది. అన్న ఆమె మొహం చూసి, చెప్పకుండానే లేచి వరండాలోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది. కిటికీ పక్కన గోడకి ఆనుకున్నాడతను.

"ఆయన అరచేతిలో మచ్చ ఆవిరి వల్ల కాలిందన్నావు" అంది ఆమె.

"కరెంటు" అన్నాడు అన్న. "రోలరు వైరు తెగితే టేపు చుట్టాను. నేనే చుట్టాను. కొత్తది వేయించమని యజమానిని రెండుసార్లు అడిగా. యంత్రం ఆపితే నిన్ను ఆపేస్తానన్నాడు. ఇప్పుడు పోలీసులొస్తే టేపు చుట్టిన చెయ్యి ఎవరిదని అడుగుతారు గానీ, చుట్టించింది ఎవరని అడుగుతారా చెల్లాయ్? నాకూ పిల్లలున్నారు."

"నాకు చెప్పుండాల్సింది."

"చెబితే ఊరుకునేదానివా?" అతని కళ్ళు ఎర్రబడ్డాయి. "స్విచ్చి ఆపింది నేను. ఛాతీ నొక్కింది నేను. ఎముక విరిగిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. నేను లేకపోతే బావ లేడు. అది మాత్రం మర్చిపోకు."

"ఎలా మర్చిపోతాను అన్నయ్యా? నీ చేతులు కళ్ళకద్దుకున్నాను." ఆమె ఆ చేతుల వైపు చూడలేకపోయింది. "ఆయన బుర్ర ఖాళీ అయితే అందులో నీ అబద్ధం దాచుకున్నావు. నా చేత ఆయన్ని తిట్టించావు."

అన్న మొహం తుడుచుకున్నాడు.

"రోలరు దగ్గర ఇప్పుడెవరున్నారు?"

"కొత్తగా చేరిన ఆవిడ."

"టేపు అలాగే ఉందా?"

అన్న కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమెకి జవాబు అందింది.

"వెళ్ళిపో" అంది. "ఇంక రావద్దు."

అతను వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు బడికి వేలు పట్టుకుని తీసికెళ్ళినవాడు, తల్లి పోయాక తనే వండిపెట్టినవాడు. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. తిరిగి పిలవాలనిపించింది, పిలవలేదు.

మంచం దగ్గరికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. యంత్రం ముట్టుకున్నావు, కరెంటు కొట్టింది, అన్నయ్యే నిన్ను బతికించాడు, అన్నయ్యే అబద్ధం నేర్పాడు. పొడుగాయన కళ్ళు నీళ్ళతో నిండాయి. "బావ అలాంటివాడు కాదే" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుంది. పావుగంట తర్వాత అటూ ఇటూ చూసి, "బావ రాలేదేం ఇవాళ?" అన్నాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, మళ్ళీ మొదటిసారిలాగే. మూడోసారి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. అయినా చెప్పింది.

ఇన్‌స్పెక్టరు మూడింటికి అయిదు నిమిషాలుండగా వచ్చాడు. కుర్చీ లాక్కుని కాగితం తీశాడు. పై సగం అప్పటికే టైపు చేసి ఉంది. "గుండెనొప్పి కేసు కదా? మేస్త్రీ అన్నీ చెప్పాడు. సంతకం ఒకటే మిగిలింది" అన్నాడు.

"ఆయన సంతకం పెట్టడు" అంది ఆమె. "పావుగంట కిందటి మాటే గుర్తుండదు ఆయనకి. డాక్టరమ్మని అడగండి. ఆ అరచెయ్యి చూడండి. లాండ్రీకి వెళ్ళి వైరు చూడండి. ఆ తర్వాత రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. పని పెరిగిన మనిషి మొహం పెట్టి మంచం వైపు వంగాడు.

"ఏమయ్యా, మీ ఆవిడ ఇలా అంటోంది. నువ్వు చెప్పు. నిజమేనా?"

పొడుగాయన భార్య వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు. నుదురు ముడిచి గట్టిగా ఆలోచించాడు. ఏదీ దొరక్క, తలుపు వైపు ఆశగా చూశాడు.

"బావని పిలవండి" అన్నాడు. "ఆ రోజు ఏం జరిగిందో ఆయనకే తెలుసు."