దర్జీ వదిన ముందుపన్ను

వీధిలో అందరికీ ఆమె దర్జీ వదిన. ఇరవై రెండేళ్ళుగా అదే ఇరుకు గదిలో, అదే కుట్టుమిషను ముందు కూర్చుని చుట్టుపక్కల వాళ్ళ కొలతలన్నీ కంఠతా పట్టింది. కుట్టు పూర్తికాగానే గుడ్డను మొహం దగ్గరికి తెచ్చుకుని, దారాన్ని ముందుపళ్ళతో పుటుక్కున కొరికేసేది. ఎదుటి బల్ల దగ్గర వాగుడు ఆపకుండా గుడ్డలు కత్తిరించే ఆడపడుచు పక్కన ఎప్పుడూ మూడు కత్తెరలుండేవి. వాటికోసం చెయ్యి చాపడం కూడా దండగ అనుకునేది వదిన.

చలికాలం మొదట్లో ఆమె పై ముందుపన్ను చన్నీళ్ళు తగిలితే జివ్వుమనసాగింది. తర్వాత వేడి టీ తాగినా అంతే. వారం తిరిగేసరికి పంటిలోనే ఎవరో కూర్చుని సుత్తితో కొడుతున్నట్టు పోటు. లవంగం నొక్కిపెట్టింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, నొప్పి మాత్రలు మింగింది.

"డాక్టరు దగ్గరికి పోదాం పద వదినా," అంది ఆడపడుచు.

"పీకేస్తారే. ముందుపన్ను పోయాక నేను నవ్వేదెలా?"

"ఇప్పుడు మాత్రం ఏం నవ్వుతున్నావు? మూడు రోజులుగా మిషను కంటే నీ మూలుగే ఎక్కువ వినబడుతోంది."

మర్నాటికల్లా నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. వదిన మొహం వెలిగిపోయింది. "చూశావా? దానంతట అదే దారికొచ్చింది. నీ మాట వినుంటే ఈపాటికి బోసినోరు అయ్యేది," అని ఆడపడుచును రెండు రోజులు ఆడిపోసుకుంది. పన్ను కాస్త మసకబారినట్టు అద్దంలో కనబడినా, టీ మరక అనుకుని ఊరుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం లేచేసరికి పై పెదవి ఉబ్బి ముక్కుకు ఆనుకుంది. చిగురు మీద వేలు పెడితే ప్రాణం పోయినంత పని అయింది. కొంగు అడ్డం పెట్టుకుని కొట్టుకు వచ్చిన వదినను ఆడపడుచు ఎగాదిగా చూసింది. ఈసారి వేళాకోళం ఆడలేదు. సగం కత్తిరించిన గుడ్డ మడిచి పక్కన పెట్టి, షట్టరు దించేసి, ఆమె చెయ్యి పట్టుకుని నాలుగు వీధుల అవతల ఉన్న దంతవైద్యురాలి దగ్గరికి నడిపించుకుపోయింది.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. జ్వరం ఉందా, మింగడం కష్టంగా ఉందా, వాపు కంటి వైపు పాకిందా అని ముందుగా అడిగింది. అవేవీ లేవన్నాక చిన్న అద్దంతో నోట్లోకి చూసి, "అమ్మా, మీరు దారం పళ్ళతో కొరుకుతారా?" అంది.

వదిన ఉలిక్కిపడింది. "మీకెవరు చెప్పారు?" అని ఆడపడుచు వైపు గుర్రుగా చూసింది.

"మీ పన్నే చెప్పింది. దీని అంచున దారం పట్టేంత గాడి పడింది. అక్కడినుంచి సన్నటి పగులు పైకి పోయింది. ఆ సందులోంచి క్రిములు లోపలికి చేరాయి."

"మరి మధ్యలో నొప్పి తగ్గిపోయిందిగా, డాక్టరుగారూ?"

"తగ్గలేదమ్మా. లోపలి నరం చచ్చిపోయింది. నొప్పి తెలియడానికి నరమే లేదు. క్రిములు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి." ఎక్స్‌రే తీసి, వేరు కొనకు శనగగింజంత నల్లటి మచ్చ చూపించింది. "ఇదిగో, ఇక్కడ ఎముక కరిగి చీము చేరింది."

"మాత్రలు రాసివ్వండి, వాడతాను."

"ఒట్టి మాత్రలతో వాపు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. చెత్త లోపలే ఉంటుంది కదా. దాన్ని తియ్యాలి."

"పన్ను పీకేస్తారా?" అంది వదిన.

"ఎందుకు పీకడం? పగులు వేరుదాకా పోలేదు. నిలబెట్టుకోవచ్చు."

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ భయపడింది పీకడం అనే ఆ ఒక్క మాటకే.

సూది గుచ్చినప్పుడు చురుక్కుమంది, అంతే. తర్వాత పెదవి ఉందో లేదో తెలియలేదు. పంటి వెనకవైపు చిన్న రంధ్రం చెయ్యగానే చీము బయటికి వచ్చింది. పొద్దుటినుంచి బిగుసుకుపోయి ఉన్న మొహం, తడిపి పిండిన గుడ్డలా వదులైంది. కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా ఊపిరి వదిలింది. ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్ళింది. డాక్టరమ్మ వేరులోని సన్నటి గొట్టాన్ని శుభ్రం చేసి, మందుతో నింపి మూసేసింది. చివరికి గాడిపడిన అంచును కూడా పంటి రంగులోనే సరిచేసింది. అద్దంలో చూసుకుని వదిన పదిసార్లు నవ్వింది.

"రోజుకు రెండుసార్లు తోముకోండి. ఆరు నెలలకోసారి నొప్పి ఉన్నా లేకపోయినా వచ్చి చూపించుకోండి. దారానికి కత్తెర వాడండి," అని పంపింది డాక్టరమ్మ.

మొదటి రెండూ తేలికే అయ్యాయి. మూడోది ప్రాణాల మీదికి వచ్చింది. చెయ్యి తనకు తెలియకుండానే నోటిదాకా పోయేది. ఆడపడుచు ఒక చిన్న కత్తెరకు నాడా కట్టి ఆమె మెళ్ళో వేసింది. దారం పైకి లేచినప్పుడల్లా ఎదుటి బల్ల నుంచి చిన్న దగ్గు వినిపించేది. రెండు నెలలకు ఆ దగ్గు అవసరం తీరింది.

ఆరు నెలల తనిఖీకి వదిన ఆడపడుచును కూడా లాక్కుపోయింది. "నాకేం? నేనేమైనా దారాలు కొరుకుతానా?" అంటూనే ఆమె కుర్చీ ఎక్కింది. దవడ పంటిలో చిన్న పుచ్చు బయటపడింది.

"మంచి వేళకే వచ్చారు. నరందాకా పోలేదు. అరగంటలో పూడ్చేస్తాను," అంది డాక్టరమ్మ. ఆడపడుచు మొహంలో నెత్తురుచుక్క లేదు. వదిన ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది.

తిరిగి వస్తుంటే ఆడపడుచుకు ఒక చెంప మొద్దుబారి, మాట ముద్దముద్దగా వచ్చింది. ఏదో అనబోయి, లాభం లేక ఊరుకుంది.

"ఇరవై రెండేళ్ళ తర్వాత నాకు మాట్లాడే వంతు వచ్చిందే అమ్మడూ," అంది వదిన. తోటికోడలి పెళ్ళి చీరలో పడిన ముడతల దగ్గర మొదలుపెట్టి, పాలవాడి కొత్త మీసాల దాకా నాలుగు వీధులూ ఆపకుండా చెబుతూనే ఉంది. ఆడపడుచు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక, చెంప పట్టుకుని ఆమె పక్కన నడిచింది.