మౌనిక నాయినకు ఇజ్జత్ ఎక్కువ

నా మొగుడు మాణయ్య డ్యూటీ బట్టలకు పట్టిన మందుల వాసన ఒక ఉతుకుకు పోదు. ఇంటిల్లిపాది బట్టలూ ఒక ఎత్తు, గడ్డపోతారం మందుల కంపెనీ నుంచి వచ్చే ఆ జత ఒక్కటీ ఒక ఎత్తు. తొంభై ఏడు వేసవిలో ఒకరోజు దాన్ని బండకేసి బాదుతుంటే, వెనక నిలబడి ఆయన అన్న మాట ఇది: "పిల్ల సంగతి కంపెనీల ఎవ్వరికీ ఎర్కగావొద్దు. నా ఇజ్జత్ పోతది."

పిల్ల అంటే మా మౌనిక. నాలుగో ఏడు నడుస్తోంది. ఒంట్లో రక్తం తయారుకాని జబ్బట, లక్షల్లో ఒకరికి వస్తుందట. పట్నంలో రక్తం ఎక్కించి పంపితే కొన్నాళ్లకే పెదవులు మళ్లీ తెల్లబడేవి. రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే బాగుచేస్తారు, ఆలస్యం చేస్తే ఎవరి చేతుల్లోనూ ఉండదని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది. నా మెడలోవి, చేతులవి అప్పటికే అమ్మేశాం. ఖర్చులో సగానికి కూడా రాలేదు.

"రోడ్డు పక్క ఎకరం అమ్ముదాం" అంటే మా అత్త అన్నం ముందు నుంచి లేచిపోయింది. "అది పిలగాని భూమి. ఆడపిల్లకు పెట్టి రేపు వానికి సిప్ప చేతికిస్తవా?" పిలగాడంటే నా కొడుకే, మౌనిక కన్నా పెద్దోడు. ఇద్దరినీ నేనే కన్నాను మరి! కొడుక్కు భూమి కావాలి గానీ కూతురికి రక్తం అక్కర్లేదా? ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. బర్రెలు పిండి, పేడ తీసి, షిఫ్టు మారినప్పుడల్లా వేళగాని వేళ వండిపెట్టే నాకు ఆ ఇంట్లో అన్నిటా పని ఉంది, మాట మాత్రం లేదు. ఆయన వాళ్లమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు, బీడీ కట్ట తీసుకొని బయటికి పోయాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

కంపెనీలో ఒక రివాజు ఉంది. ఎవరికైనా కష్టమొస్తే జీతాల రోజు గేటు దగ్గర ఇద్దరు తోటివాళ్లు తువ్వాల చెరో కొస పట్టుకొని నిలబడతారు. బయటికొచ్చేవాళ్లు కవరు విప్పి తోచింది వేస్తారు. అంతకుముందు ఏడు ఒక బీహారు కూలీకి చెయ్యి కాలితే తువ్వాల పట్టింది మా ఆయనే. ఇంటికొచ్చి ఎంత గొప్పగా చెప్పుకున్నాడో!

"మనకు గూడ పట్టమను, మౌనిక నాయినా" అని బతిమాలాను.

"మనం పెట్టేటోళ్లం. అడిగేటోళ్లం గాదు. గా ముచ్చట ఇంకోసారి ఎత్తకు."

ఎత్తలేదు. జీతాల రోజు పొయ్యి ముట్టించకుండా పిల్లను చంకనేసుకొని ఆటో ఎక్కాను. గేటు ముందు తువ్వాల విప్పాక తెలిసింది, ఒంటిచేత్తో పట్టడం నా వల్ల కాదని. "ఆడోళ్లు ఈడ నిలబడొద్దు" అని గేటు కాపలా ఆయన కసిరాడు. అక్కడ ఊడుస్తున్న ముత్యమ్మ చీపురు పడేసి వచ్చింది.

"మొగోళ్లే పట్టాలెనని యాడ రాసున్నది? తే బిడ్డా, గా కొస ఇటియ్యి."

సైరన్ మోగింది. ముందు వచ్చినవాళ్లు నన్ను గుర్తుపట్టి ఆగారు. ఏమైందమ్మా అన్నారు. దాచలేదు. జబ్బు పేరు నాకు నోరు తిరగదు, పిల్ల పెదవులు చూపించాను. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను గానీ ఏమీ కాలేదు. ఒకరి వెనక ఒకరు వేస్తూనే ఉన్నారు.

అప్పుడు వచ్చాడు మా ఆయన. నన్ను చూడగానే ముఖం నల్లబడింది. జీతం కవరు జేబులోకి తోసి, మేమెవరమో ఎరగనట్టు తల వంచుకొని గుంపు పక్కనుంచి తప్పుకోబోయాడు.

"పోనియ్యి బిడ్డా" అంది ముత్యమ్మ.

నేను పోనివ్వలేదు. ముందుకు జరిగి, తువ్వాల ఆయన ఎదురుగా పట్టి, అందరికీ వినపడేలా అన్నాను:

"అన్నలందరు ఏసిండ్రు, మౌనిక నాయినా. నువ్వు గూడ నీకు తోచింది ఎయ్యి."